ఖర్చుకు ముందే లెక్క అడిగిన సభాపతి శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్

బాన్సువాడ: ప్రభుత్వం వెచ్చించే ప్రతి రూపాయికీ చట్టసభ అనుమతి తప్పనిసరి అని మన రాజ్యాంగం నిర్దేశించింది. అనుమతి ఇచ్చే సభకు ఆ రూపాయి ఎందుకు అవసరమో, అంతకంటే తక్కువ వ్యయంతో ఆ పని జరుగుతుందో లేదో విచారించే తీరిక ఉన్నదా అనేది వేరొక ప్రశ్న. స్వతంత్ర భారతదేశంలో ఈ రెండవ ప్రశ్నకు ఒక స్థిరమైన వ్యవస్థ ద్వారా సమాధానం రాబట్టేందుకు కృషి చేసిన తొలి తరం పార్లమెంటేరియన్లలో తెలుగు నేలకు చెందిన శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ ప్రముఖులు. పార్లమెంటు అంచనాల సంఘానికి వారు ప్రథమ అధ్యక్షులు. లోక్‌సభకు తొలి ఉపసభాపతి, రెండవ సభాపతి కూడా వారే.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ నియోజకవర్గ ప్రతినిధి 2019 జనవరి నుంచి 2023 డిసెంబరు వరకు తెలంగాణ శాసనసభ సభాపతిగా వ్యవహరించిన విషయం విదితమే. ఆ కాలంలో ఈ ప్రాంత విలేఖరులు, మండల స్థాయి అధికారులు సభాపతి అధికారాలను గురించి, సభా సంఘాల పనితీరును గురించి అడుగుతుండేవారు. బడ్జెట్‌లో చూపిన మొత్తానికీ, కాలువ మరమ్మతుకో ఆసుపత్రి భవనానికో వాస్తవంగా చేరిన మొత్తానికీ నడుమ ఏమి జరుగుతుందన్నదే వాటిలో ఎక్కువ ప్రశ్నల సారాంశం. శ్రీ అయ్యంగార్ జీవితంలో అధిక భాగం ఇదే ప్రశ్న చుట్టూ నడిచింది కనుక, ఆ జీవిత విశేషాలు పత్రికా ప్రతినిధులకూ అధికారులకూ ఉపయోగపడగలవన్న ఉద్దేశంతో ఈ ప్రత్యేక వ్యాసం అందజేయడమైనది.

లెక్కల ఉపాధ్యాయుడు, న్యాయవాది

శ్రీ అనంతశయనం అయ్యంగార్ 1891 ఫిబ్రవరి 4వ తేదీన తిరుపతి సమీపంలోని తిరుచానూరులో జన్మించారు. తిరుపతిలోని దేవస్థానం ఉన్నత పాఠశాలలో ప్రాథమిక విద్యాభ్యాసం ముగించుకొని, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పట్టభద్రులయ్యారు. అనంతరం మద్రాసు లా కళాశాలలో 1913లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1912లో గణిత ఉపాధ్యాయునిగా వృత్తి జీవితం ప్రారంభించి, 1915లో న్యాయవాద వృత్తిలోకి మారారు. చిత్తూరు కోర్టులలో అనతికాలంలోనే పేరు సంపాదించారు. పూర్వపు తీర్పులను పుస్తకం విప్పకుండానే ఉదహరించగల ధారణశక్తి వారికి ఉండేదని, తోటి న్యాయవాదులు వారిని నడిచే తీర్పుల సంపుటిగా పిలిచేవారని ప్రసిద్ధి. లెక్కల మాస్టారుగా పనిచేసినది కొద్దికాలమే అయినా, అంకె వినగానే దాని వెనుక ఏమున్నదని అడిగే అలవాటు వారిని జీవితాంతం వీడలేదు.

గాంధీజీ పిలుపు మేరకు సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొని, 1921-22లో ఒక సంవత్సరం పాటు న్యాయవాద వృత్తిని విడిచిపెట్టారు. వ్యక్తి సత్యాగ్రహంలోను, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను కారాగారవాసం అనుభవించారు. ఈ త్యాగాలు ఆ తరం నాయకులందరికీ సాధారణమే. వారిని ఇతరుల నుంచి వేరు చేసి చూపినది 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికైన తరువాతి కృషి.

ఎండెన్ అన్న పేరు

దత్తమండలాలు, చిత్తూరు ప్రాంతాల ప్రతినిధిగా వారు ఢిల్లీలో అడుగుపెట్టేనాటికి కేంద్ర శాసనసభ అధికారాలు మిక్కిలి పరిమితం. 1919 చట్టం ప్రకారం బడ్జెట్‌లో పెద్ద భాగం సభ్యుల ఓటుకు అతీతం. సైనిక వ్యయం, అప్పులపై వడ్డీ, ఉన్నతోద్యోగుల జీతాలు మొదలైనవన్నీ ఈ కోవలోనివే. ఓటుకు పెట్టిన పద్దును సభ తిరస్కరించినా గవర్నర్ జనరల్ తన ప్రత్యేకాధికారంతో తిరిగి చేర్చవచ్చు. ఆ దశాబ్దంలో కాంగ్రెస్ పక్షం ఆర్థిక బిల్లును ఒకటికి మించిన పర్యాయాలు ఓడించింది. ఓడించిన ప్రతిసారీ ప్రత్యేకాధికారం ఉపయోగించి దానిని నెగ్గించుకున్నారు.

ఓటుకు విలువ లేనిచోట ప్రశ్నకు విలువ పెరుగుతుంది. శ్రీ భూలాభాయ్ దేశాయ్, శ్రీ సత్యమూర్తి వంటి ఉద్దండులు కాంగ్రెస్ పక్షంలో ఉన్న ఆ సభలో శ్రీ అయ్యంగార్ ప్రశ్నోత్తరాల సమయాన్ని తన ఆయుధంగా చేసుకున్నారు. ప్రభుత్వ సభ్యుడు సమాధానం చదవడం ముగిసీ ముగియకముందే అనుబంధ ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఆ ధాటిని చూసి ఒక యూరోపియన్ వ్యాఖ్యాత వారికి అసెంబ్లీ ఎండెన్ అని పేరు పెట్టారు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులపై గుళ్ల వర్షం కురిపించి చీకటిలో కలిసిపోయిన జర్మన్ యుద్ధనౌక పేరే ఎండెన్. ఆ రాత్రి తరువాత దక్షిణాదిన ఎదురులేనివాడికి అది మారుపేరు అయింది. శత్రుపక్షం నోటి నుంచి వచ్చిన బిరుదు కనుక, దీనికి మించిన ప్రశంస ఆనాటి సభ్యునికి ఉండదు.

విదేశీ ప్రభుత్వాన్ని లెక్కలు అడగడం ఒక విధంగా సులభమైన పని. ఎదురుగా కూర్చున్నవారు పరాయివారు, అడిగేవారి వెనుక దేశమంతా ఉన్నది. 1947 తరువాత పరిస్థితి మారిపోయింది. ట్రెజరీ బెంచీలపై కూర్చున్నవారు తనతో జైలుకు వెళ్లిన సహచరులు, తన పార్టీ నాయకులు. ఎండెన్ తన తుపాకులను ఎటువైపు తిప్పాలి? శ్రీ అయ్యంగార్ తరువాతి జీవితం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానమేనని చెప్పవచ్చు.

అంచనాల సంఘం ఆవిర్భావం

రాజ్యాంగ నిర్ణయ సభ సభ్యులుగా ఉండిన శ్రీ అయ్యంగార్ 1948లో దాని శాసన విభాగానికి ఉపసభాపతి అయ్యారు. సభాపతి స్థానంలో శ్రీ జి.వి. మావలంకర్ ఉన్నారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. అంతవరకూ ఉన్న ఆర్థిక సంఘాలు నిజానికి ప్రభుత్వ ఛత్రచ్ఛాయలో పనిచేసినవి. 1921లో ఏర్పడిన ప్రజాపద్దుల సంఘానికి ఆర్థిక మంత్రిత్వ బాధ్యతలు నిర్వహించే సభ్యుడే అధ్యక్షత వహించేవారు. అనగా లెక్క చెప్పవలసినవారే లెక్క అడిగే పీఠంపై కూర్చునేవారు. 1950 నుంచి ఆ సంఘం సభాపతి ఆధీనంలోకి వచ్చింది, మంత్రులకు అందులో చోటు లేకుండా పోయింది.

అయితే ప్రజాపద్దుల సంఘం పని ఖర్చు ముగిసిన తరువాత మొదలవుతుంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ నివేదిక సమర్పించి, అది సభ ముందుకు వచ్చి, సంఘం విచారణ చేపట్టేసరికి సంవత్సరాలు గడుస్తాయి. సైన్యానికి జీపుల కొనుగోలు వ్యవహారం ఆ రోజుల్లో ఈ సంఘం ముందుకు వచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ. సంఘం తప్పు పట్టవచ్చు, చెల్లించిన సొమ్మును మాత్రం వెనక్కు రప్పించలేదు. నూతనంగా స్వతంత్రమైన దేశం పెద్ద నదులపై ఆనకట్టలు, ఎరువుల కర్మాగారాలు తలపెట్టిన సమయంలో, ఖర్చుకు ముందే అంచనాలను పరిశీలించే మరొక సంఘం అవసరమని ఆనాటి ఆర్థిక మంత్రి డాక్టర్ జాన్ మత్తాయ్ ప్రతిపాదించారు. 1950 ఏప్రిల్ 10వ తేదీన అంచనాల సంఘం ఏర్పడింది. దానిని ప్రతిపాదించిన డాక్టర్ మత్తాయ్ ప్రణాళికా సంఘం అధికారాలు తదితర అంశాలపై విభేదించి, రెండు నెలలైనా గడవకముందే మంత్రి పదవికి రాజీనామా చేయడం గమనార్హం. సంఘం మాత్రం నిలిచింది.

మొదట 25 మంది సభ్యులు ఉండేవారు. శ్రీ అయ్యంగార్ సభాపతిగా వచ్చిన 1956లో సభ్యుల సంఖ్య 30కి పెరిగింది. సభ్యులందరూ దిగువ సభ నుంచి నైష్పత్తిక ప్రాతినిధ్య పద్ధతిలో ఒక సంవత్సర కాలానికి ఎన్నికవుతారు. ఉపసభాపతి సంఘంలో సభ్యులైతే వారే అధ్యక్షులు కావాలన్నది నియమం. ఈ విధంగా శ్రీ అయ్యంగార్ ప్రథమ అధ్యక్షులై, శ్రీ బల్వంత్‌రాయ్ మెహతా ఆ బాధ్యత స్వీకరించేవరకు సంఘాన్ని నడిపించారు.

సంఘం పని తీరు

అంచనాల సంఘం పద్ధతి పైకి చూడడానికి నీరసంగా కనిపిస్తుంది. పత్రికలలో పతాక శీర్షికలకు ఎక్కే విషయం అందులో తక్కువ. సంఘం ఒక సంవత్సరానికి కొన్ని మంత్రిత్వ శాఖలను ఎంపిక చేసుకుంటుంది. ఆ శాఖ స్వరూపం, సిబ్బంది సంఖ్య, గడచిన మూడేళ్ల వ్యయం, ఈ ఏడాది అంచనా, హెచ్చుతగ్గులకు కారణాలు తెలిపే పత్రాలు ముందుగా తెప్పించుకుంటుంది. వాటిని చదివి ప్రశ్నావళి పంపుతుంది. లిఖితపూర్వక సమాధానాలు వచ్చిన తరువాత శాఖ కార్యదర్శి స్వయంగా హాజరై సభ్యుల ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. మంత్రిని సాక్షిగా పిలిచే ఆచారం లేదు. దీనివల్ల చర్చ రాజకీయ వాదోపవాదాలుగా మారకుండా పాలనా వ్యవహారాల పరిధిలోనే సాగుతుంది. నివేదికకు అసమ్మతి పత్రం జతచేసే వీలు లేదు. అందరూ అంగీకరించిన మాటే నివేదికలోకి ఎక్కుతుంది.

కాగ్ సహాయం ప్రజాపద్దుల సంఘానికి ఉన్నట్లు అంచనాల సంఘానికి ఉండదు. లెక్కల తనిఖీ నిపుణులు పక్కన కూర్చుని ఏ పేజీలో ఏమున్నదో చూపించరు. సభ్యులు తమంతట తాము చదువుకోవాలి. అంచనాలన్నిటినీ ఒకే ఏడాదిలో పరిశీలించవలసిన నిర్బంధం సంఘానికి లేదు. సంఘం నివేదిక రాకున్నా సభ పద్దులను ఆమోదించవచ్చు. అనగా ఈ సంఘం ఖర్చును ఆపలేదు, తగ్గించమని ఆజ్ఞాపించలేదు. సూచన చేయగలదు, ఆ సూచనపై ఏమి చర్య తీసుకున్నారో మళ్లీ అడగగలదు. ఆ మళ్లీ అడగడంలోనే దాని బలమంతా ఉన్నది. అధ్యక్షుని పట్టుదలను బట్టి సంఘం పదును ఉంటుందని చెప్పేది ఇందుకే.

శ్రీ అయ్యంగార్ అధ్యక్షతన సంఘం మొట్టమొదటే క్లిష్టమైన అంశాలను చేపట్టింది. 1950-51లో సమర్పించిన రెండవ నివేదిక కేంద్ర సచివాలయం, ప్రభుత్వ శాఖల పునర్వ్యవస్థీకరణకు సంబంధించినది. చిల్లర ఖర్చుల జాబితాతో ఆరంభించకుండా ప్రభుత్వ యంత్రాంగం నిర్మాణాన్నే పరిశీలనకు తీసుకోవడం సాహసమే. ఆ తరువాత నదీలోయ పథకాలపై దృష్టి సారించింది. దామోదర్, హీరాకుడ్, భాక్రా వంటి బృహత్తర పథకాలు నిర్మాణంలో ఉన్న రోజులవి. 1953-54లో వెలువడిన తొమ్మిదవ నివేదిక పాలనా, ఆర్థిక సంస్కరణలను గురించి చర్చించింది. ఖర్చు చేసే శాఖకూ, ఖర్చును అదుపు చేసే ఆర్థిక శాఖకూ నడుమ ఫైలు ఎన్నిసార్లు తిరగాలి అన్న ప్రశ్న ఈనాటి కార్యాలయాలలో పనిచేసేవారికి కొత్తగా అనిపించదు.

సంఘం పరిధిని గురించి వివాదం కూడా తలెత్తకపోలేదు. ప్రభుత్వ విధానానికి లోబడి పొదుపు మార్గాలు సూచించడమే సంఘం పని అని నియమాలు చెబుతున్నాయి. విధానమే వృథా వ్యయానికి కారణమైతే సంఘం మౌనం వహించాలా? అనుకున్న ఫలితాన్ని ఒక విధానం ఇవ్వడం లేదని, లేదా వృథాకు దారి తీస్తున్నదని తేలినప్పుడు ఆ విషయాన్ని సభ దృష్టికి తేవడం సంఘం బాధ్యతేనని సభాపతి ఆదేశాలలో చోటు కల్పించడంతో ఈ సందేహం తీరింది. ఈ ఒక్క వెసులుబాటు లేకుంటే అంచనాల సంఘం కాగితాలు, పెన్సిళ్ల ఖర్చు లెక్కించే సంఘంగా మిగిలిపోయి ఉండేదని భావించడం అతిశయోక్తి కాదు.

మరొక వైపు నుంచి విమర్శ వచ్చింది. భారత పాలనా వ్యవస్థను అధ్యయనం చేసిన అమెరికన్ నిపుణుడు పాల్ ఆపిల్‌బీ 1956లో సమర్పించిన రెండవ నివేదికలో, పార్లమెంటు, లెక్కల తనిఖీ వ్యవస్థ చిన్నచిన్న పొరపాట్లను పెద్దవిగా చూపడం వల్ల అధికారులు నిర్ణయం తీసుకోవడానికి జంకుతున్నారని అభిప్రాయపడ్డారు. ఈ వాదనలో నిజం లేకపోలేదు. సంతకం చేస్తే రేపు ఎవరు ఏమి అడుగుతారోనన్న సంకోచంతో ఫైలును పై అధికారికి పంపే ధోరణి అన్ని కాలాలలోనూ ఉన్నది. కాని తనిఖీలో ఆలస్యంగా అడిగే ప్రశ్న కంటే అంచనా దశలో ముందుగా అడిగే ప్రశ్నే అధికారికి ఎక్కువ రక్షణ ఇస్తుందని అంచనాల సంఘం అనుభవం తెలియజేస్తున్నది. ముందే వివరించి ఒప్పించిన ఖర్చుకు తరువాత సంజాయిషీ ఇచ్చుకోవలసిన అగత్యం తక్కువ.

నిజాంసాగర్‌ను గుర్తు చేసుకుంటే

ఈ విషయం బాన్సువాడ ప్రాంతవాసులకు నిజాంసాగర్ ద్వారా సులభంగా బోధపడుతుంది. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ జలాశయం నిర్మాణానికి నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి మేటి ఇంజనీరు సారథ్యం లభించింది. హైదరాబాద్ సంస్థాన ఆర్థిక వ్యవహారాలను సర్ అక్బర్ హైదరీ శాఖలవారీ కేటాయింపుల పద్ధతిలో క్రమబద్ధం చేసిన కాలమది. ఇంజనీరింగ్ సామర్థ్యానికీ, ఖజానా క్రమశిక్షణకూ లోటు లేదు. లేనిదల్లా ప్రజలు ఎన్నుకున్న సభ. ఆ కాలువ కింద భూమి సాగు చేసే రైతు తరఫున అంచనాపై ఒక్క ప్రశ్న అడిగే ప్రతినిధి లేడు. పని దక్షంగా జరిగింది, అడగకుండానే జరిగింది. అడగకుండా జరిగే పనులన్నీ అంత దక్షంగా ఉంటాయన్న హామీ లేదు.

ఆ జలాశయం తొలి సామర్థ్యం 29 టి.ఎం.సి.లకు పైబడి ఉండగా, పూడిక కారణంగా 17.8 టి.ఎం.సి.లకు తగ్గిపోయింది. పూడికకు, కాలువల లైనింగుకు, తూముల మరమ్మతుకు ఏటా ఎంత కేటాయించాలి, కేటాయించినది ఎంతవరకు ఖర్చయింది, చివరి ఆయకట్టుకు నీరు అందినదా అన్నవి అంచనాల సంఘం అడగదగిన ప్రశ్నలకు చక్కని నమూనాలు. కొత్త పథకానికి శంకుస్థాపన జరుగుతుంది, పాత పథకం నిర్వహణ వ్యయానికి శిలాఫలకం ఉండదు. అందువల్లనే నిర్వహణ పద్దులను ప్రత్యేకంగా పరిశీలించేవారు అవసరమవుతారు.

సభాపతి స్థానంలో

1952 సార్వత్రిక ఎన్నికలలో తిరుపతి నుంచి లోక్‌సభకు ఎన్నికైన శ్రీ అయ్యంగార్ అదే ఏడాది మే 30న ఉపసభాపతిగా ఎన్నికయ్యారు. 1956 ఫిబ్రవరి 27న శ్రీ మావలంకర్ ఆకస్మికంగా పరమపదించడంతో మార్చి 8న సభాపతి అయ్యారు. 1957లో చిత్తూరు నుంచి గెలిచి, మే 11న తిరిగి అదే పదవికి ఎన్నికై, 1962 ఏప్రిల్ వరకు కొనసాగారు. సంస్కృత సాహిత్యంలో గాఢమైన ప్రవేశం, సమయస్ఫూర్తి, హాస్యచతురత గల సభాపతిగా పేరు తెచ్చుకున్నారు. ఒకప్పుడు ప్రశ్నలతో ప్రభుత్వాన్ని ఉక్కిరిబిక్కిరి చేసిన వ్యక్తి ఇప్పుడు ఎవరి ప్రశ్నను అనుమతించాలో నిర్ణయించే స్థానంలో ఉన్నారు.

ఆ స్థానానికి పెద్ద పరీక్ష 1957లో ఎదురైంది. 1956లో జాతీయం చేసిన జీవిత బీమా వ్యాపారాన్ని నిర్వహించే సంస్థ, 1957 జూన్‌లో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీలలో సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టుబడి పెట్టింది. పాలసీదారుల సొమ్ము అది. బడ్జెట్ పద్దులలో కనిపించని సొమ్ము కూడా. ఈ వ్యవహారాన్ని సభలో లేవనెత్తినవారిలో ముఖ్యులు శ్రీ ఫిరోజ్ గాంధీ. వారు పాలక పక్ష సభ్యులు, సాక్షాత్తు ప్రధానమంత్రి అల్లుడు. 1957 డిసెంబరు 16న లోక్‌సభలో జరిగిన చర్చ దేశమంతటా సంచలనం కలిగించింది. ప్రభుత్వం బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి శ్రీ ఎం.సి. ఛాగ్లాతో ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించింది. విచారణ బహిరంగంగా, శీఘ్రంగా ముగిసింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి శ్రీ టి.టి. కృష్ణమాచారి పదవి నుంచి వైదొలిగారు.

పాలక పక్ష సభ్యుడే తన ప్రభుత్వాన్ని నిలదీయగలిగిన ఆ వాతావరణం ఒక్కనాడు ఏర్పడినది కాదు. పార్టీకి అతీతంగా అంచనాలను ప్రశ్నించే అలవాటును అంచనాల సంఘం గదులలో అంతకు ముందు ఏడేళ్లుగా సభ్యులు నేర్చుకుంటూ వచ్చారు. ఆ అభ్యాసానికి తొలి గురువు సభాపతి స్థానంలో కూర్చుని ఉండగా ఈ చర్చ జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. ఈ వ్యాసకర్త దృష్టిలో మాత్రం ఆ రెండింటికీ సంబంధం ఉన్నది. ప్రభుత్వ రంగ సంస్థల వ్యయం బడ్జెట్ పద్దులకు వెలుపల పెరుగుతున్నదన్న గ్రహింపు ఈ దశలోనే బలపడి, వాటి పరిశీలనకు 1964లో వేరే సంఘం ఏర్పడింది.

అనంతర పరిణామాలు

1962 ఎన్నికలలో చిత్తూరు నుంచి మళ్లీ గెలుపొందిన శ్రీ అయ్యంగార్‌ను అదే ఏడాది మే నెలలో బీహార్ గవర్నరుగా నియమించారు. 1967 డిసెంబరు వరకు ఆ పదవిలో కొనసాగారు. కరువుతో ఆ రాష్ట్రం విలవిలలాడిన 1966-67 సంవత్సరాలు, తొలి కాంగ్రెసేతర మంత్రివర్గం ఏర్పడిన సందర్భం వారి హయాంలోనివే. మన పార్లమెంటు పనితీరును సామాన్యులకు వివరిస్తూ వారు ఒక గ్రంథం కూడా రచించారు.

వారు తీర్చిదిద్దిన సంఘాలలో ఆ తరువాత గణనీయమైన మార్పులు వచ్చాయి. ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష స్థానం ప్రతిపక్ష సభ్యునికి ఇచ్చే సంప్రదాయం 1967లో శ్రీ మీనూ మసానీతో మొదలైంది. తెలంగాణ బిడ్డ శ్రీ పి.వి. నరసింహారావు 1978-79లో ఆ స్థానాన్ని అలంకరించారు. 1993లో మంత్రిత్వ శాఖలకు అనుబంధంగా 17 స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. 2004లో వాటి సంఖ్య 24కు పెరిగింది. గ్రాంట్ల డిమాండ్లను సభ ఆమోదానికి ముందు ఇవి పరిశీలిస్తాయి. ఖర్చుకు ముందు పరిశీలన అనే 1950 నాటి ఆలోచనే ఇక్కడ మరింత విస్తృతమైన రూపం దాల్చింది. తెలంగాణ శాసనసభలోనూ ప్రజాపద్దుల సంఘం, అంచనాల సంఘం, ప్రభుత్వ రంగ సంస్థల సంఘం అనే మూడు ఆర్థిక సంఘాలు ఉన్నాయి. కాగ్ నివేదికలు గవర్నరు ద్వారా సభ ముందుకు వస్తాయి.

మొత్తాలు మాత్రం ఊహకందనంతగా పెరిగాయి. 1950-51లో కేంద్ర ప్రభుత్వ రెవెన్యూ వ్యయం కొన్ని వందల కోట్ల రూపాయలు. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం వ్యయ అంచనా 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. చర్చకు లభించే సమయం ఆ నిష్పత్తిలో పెరగలేదు. గడువు ముగిసే రోజున చర్చకు రాని డిమాండ్లన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టే పద్ధతిని గిలెటిన్ అంటారు. 2018లోను, 2023లోను లోక్‌సభలో అన్ని మంత్రిత్వ శాఖల డిమాండ్లు ఈ విధంగానే చర్చ లేకుండా ఆమోదం పొందాయి. ఇటువంటి సంవత్సరాలలో సభ్యులు అంకెలను నిజంగా పరిశీలించిన చోటు ఏదైనా ఉంటే అది సంఘాల గదులే.

పత్రికా మిత్రులకు ఈ సందర్భంగా ఒక విన్నపం. బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజున ఏ శాఖకు ఎంత అన్న పట్టికలు ప్రతి పత్రికలోనూ వస్తాయి. ఏడాది తరువాత వచ్చే సవరించిన అంచనాలను, ఆ తరువాతి ఏడాది వచ్చే వాస్తవ వ్యయాన్ని పక్కపక్కన పెట్టి చూపే వార్త అరుదు. ఈ మూడు నిలువు వరుసలు ఒకే పుస్తకంలో, ఒకే పేజీలో ఉంటాయి. సంఘాల నివేదికలు, వాటిపై శాఖలు తీసుకున్న చర్యల నివేదికలు సభ ముందు ఉంచిన నాటి నుంచి బహిరంగ పత్రాలే. బాన్సువాడ డివిజన్‌లోని ఒక పాఠశాలకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో సంబంధించిన వార్త రాసేవారికి ఆ పుస్తకాలు ఎన్నో ఆధారాలు ఇవ్వగలవు. అధికారులకు కూడా, ప్రశ్న వచ్చిన తరువాత ఫైలు వెదకడం కంటే ప్రశ్నావళికి ఏ సమాచారం కోరతారో ముందే తెలుసుకొని సిద్ధపరచుకోవడం శ్రేయస్కరం.

పదవీ బాధ్యతల అనంతరం శ్రీ అయ్యంగార్ తిరుపతికి తిరిగి వచ్చారు. అక్కడి కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం అభివృద్ధికి పాటుపడ్డారు. 1978 మార్చి 19వ తేదీన తమ 87 ఏళ్ల వయస్సులో దివంగతులయ్యారు. తిరుచానూరులో జన్మించిన బాలుడు మొదటి అధ్యక్షునిగా ప్రారంభించిన అంచనాల సంఘం, మధ్యలో లోక్‌సభ రద్దయిన స్వల్ప విరామాలు మినహా, నాటి నుంచి ఏటా కొత్త సభ్యులతో ఏర్పడుతూనే ఉన్నది.

సమాచార, పౌర సంబంధాల శాఖ, బాన్సువాడచే జారీ చేయనైనది.